కంప్లయన్స్ చూసుకున్నావా?

అమ్మలూ,

నీ గొంతు విని ఇరవై రెండు రోజులైంది. లెక్కపెట్టింది మీ అమ్మ, నేను కాదు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. పిన్ని మోకాలు తగ్గుముఖం పట్టింది. నీ పాత టేబుల్ ల్యాంపు బాగుచేశాను, ఇప్పుడు మినుకుమినుకుమనడం లేదు.

నువ్వు ల్యాబ్ మానేద్దామనుకుంటున్నావని బుజ్జిగాడు ఏదో వాగాడు. వాడి మాటలు నేను పట్టించుకోను, ఈ ఉత్తరం అందుకోసమూ కాదు. కాకపోతే నీ హాఫ్నియం ఆక్సైడ్ మెమరీ డివైజులు వరసపెట్టి షార్ట్ అవుతున్నాయని కూడా అన్నాడు. అది మాత్రం వాడు కల్పించలేడు, వాడికి హాఫ్నియం అనడమే రాదు.

పొరలో మొదటిసారి కరెంటుకి దారి తెరిచే ఫార్మింగ్‌లోనే పోతున్నాయా, నాలుగు సైకిళ్లు తిరిగాక ఆ దారి తెగక, రీసెట్ కాకుండా ఇరుక్కుంటున్నాయా? రెండూ ఒకే రోగం కాదు. కొత్త పొర మొండి ఇన్సులేటర్. తర్వాత సెట్ చేయడానికి, అంటే తెగిన దారిని మళ్లీ కలపడానికి, సరిపోయే వోల్టేజీ మొదటిసారికి చాలదు. ఆక్సిజన్ అయాన్లు చోటు వదిలి కదిలితే, మిగిలిన ఖాళీలు పోగుపడి రెండు ఎలక్ట్రోడ్ల మధ్య సన్నటి తంతువు కడతాయి. అది కలిసిన క్షణాన కరెంటు ఒక్కసారిగా ఎగబాకుతుంది. అక్కడ పట్టుకోకపోతే తంతువు లావెక్కి, ఎదురు వోల్టేజీ ఎంత ఇచ్చినా తెగి చావదు.

కంప్లయన్స్, అంటే కరెంటు పరిమితి, పెట్టానుగా అంటావు. మీటరులో పెడితే చాలదమ్మా. మీటరు మేలుకునేలోపే కేబుల్‌లో నిలవున్న ఛార్జి డివైజులోకి దూకేస్తుంది. డివైజును ఆనుకునే ట్రాన్సిస్టర్ పెట్టి చూడు.

నేను టైటానియం ఆక్సైడ్ మీద పనిచేసేటప్పుడు పొరలు వేసేది మూర్తి. నీ మొదటి సైకిలు మోసుకొచ్చిన మూర్తే. ఒకరోజు వాడిచ్చిన శాంపిల్ మీద ప్రోబ్ సూది దించి, వోల్టేజీ పెంచుకుంటూ స్వీప్ కొట్టాను. పైన ఎలక్ట్రోడ్‌గా ఉన్న ప్లాటినం చుక్క బుడగలా ఉబ్బి పగిలింది, లోపలి ఆక్సిజన్ బయటికి తన్నుకొచ్చి. పక్కదీ అంతే. అలా పద్నాలుగు. నీ పొరంతా చిల్లులేనని అందరి ముందూ మూర్తి మీద అరిచాను. ఆరు వారాలు వాడూ నేనూ మాట్లాడుకోలేదు. వాడు మాత్రం పొరలు వేసి, నా టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయేవాడు. తర్వాత ఏదో వెతుకుతూ నోట్‌బుక్ తిరగేస్తే, కరెంటు పరిమితి దగ్గర మైక్రో ఉండాల్సిన చోట మిల్లీ. వెయ్యి రెట్లు! ఆ మాట వాడితో చెప్పడానికి ఇంకో వారం పట్టింది నాకు. వాడు నవ్వలేదు, తిట్టలేదు. ఆ శాంపిల్లో ముట్టుకోని చుక్కలు ఏమైనా మిగిలాయా అని అడిగాడు, అంతే.

ఉపన్యాసం ఇవ్వనని అమ్మకి మాటిచ్చాను. అయినా ఒక్కటి. 1962లోనే హిక్‌మాట్ పలుచటి ఆక్సైడ్ పొరల్లో కరెంటు ఇలా వింతగా నడవడం చూశాడు. మెమ్‌రిస్టర్, అంటే తనగుండా పోయిన కరెంటును బట్టి నిరోధం మార్చుకుని దాన్ని గుర్తుంచుకునే భాగం, ఉండి తీరాలని చువా 1971లో కాగితం మీద రాస్తే, టైటానియం డయాక్సైడ్‌లో అది దొరికిందని హెచ్‌పీ ల్యాబ్స్ వాళ్లు 2008లో అన్నారు. మధ్యలో 37 ఏళ్లు. నీకు మూడేళ్లకే విసుగొచ్చిందా? వచ్చిందనడం లేదు, అడుగుతున్నాను.

కళ్లజోడు మార్చావా? పాత పవరుతో మైక్రోస్కోపు మీదికి వంగి వంగి మెడ పట్టేసిందని క్రితంసారి అన్నావు. స్టూలు ఎత్తు పెంచుకో. రాత్రి పన్నెండు దాటాక కొత్త శాంపిల్ మీద ప్రోబ్ దించకు.

బుజ్జిగాడన్నది నిజమే అయితే నిజమని చెప్పు. అమ్మకంటే ముందు నాకు చెప్పు. ఆదివారం ఫోన్ పక్కనే ఉంటాను.

నాన్న