వడ్డన బిల్లులోనేనా?

సంపాదకులకు నమస్కారం.

పట్టణాల్లో పిజ్జా రెస్టారెంట్లకు ఆదరణ పెరుగుతోందంటూ పది రోజుల కిందట మీ జిల్లా సంచికలో వచ్చిన కథనం చదివాను. యువత అభిరుచులు మారుతున్నాయని, కుటుంబాలు సెలవు రోజుల్లో అక్కడికే వెళుతున్నాయని, చల్లదనం, కుర్చీలు, పలకరింపు అన్నీ ముచ్చటగా ఉన్నాయని మీ విలేకరి రాశారు. గిరాకీ పెరిగిన మాట నిజమే, ఆ గిరాకీలో నేనూ ఒకణ్ని. అయితే అంత పెద్ద కథనంలో బిల్లు ఊసు ఒక్కచోట కూడా లేకపోవడం చూసి, విలేకరి గారు అక్కడ కూర్చుని తిన్నారో, అద్దాల తలుపు బయటి నుంచే చూసి వచ్చారో అన్న అనుమానం కలిగింది. అప్పుడే రాద్దామనుకుని, ఇంత చిన్న విషయానికి లేఖ ఎందుకులే అని ఊరుకున్నాను. నిన్న చొక్కా ఉతకడానికి వేస్తుంటే జేబులో ఆ బిల్లు మళ్లీ కంటబడింది.

మనవరాలు పదో తరగతి గట్టెక్కిన సందర్భంగా కిందటి నెలలో మా ఇంటిల్లిపాదీ అలాంటి ఒక రెస్టారెంటుకు వెళ్లాం. పావుగంట కూర్చున్నా ఎవరూ రాలేదు. చేయెత్తి పిలిస్తే ఒక కుర్రాడు వచ్చి, బల్లకు అతికించిన క్యూఆర్ కోడ్ వైపు వేలు చూపి వెళ్లిపోయాడు. తడిగుడ్డతో తుడిచీ తుడిచీ ఆ స్టిక్కరు ఒక మూల లేచిపోయి ఉంది, నా ఫోను దాన్ని చదవనే లేదు. మనవరాలి ఫోనుతో తెరిస్తే, పిజ్జాల జాబితా చూపించే ముందే ఫోను నంబరు, ఆపైన ఓటీపీ అడిగింది. వినియోగదారుల ఫోను నంబర్ల కోసం పట్టుబట్టవద్దని కేంద్ర ప్రభుత్వం 2023 మేలోనే దుకాణదారులకు సూచించినట్లు గుర్తు. ఆకలి మీదున్న పిల్లల ముందు ఆ సూచన గురించి ఎవరితో వాదిస్తాం?

అరగంట దాటాక కౌంటరులోంచి మా బల్ల నంబరు కేకేశారు. మా అబ్బాయి వెళ్లి రెండు పిజ్జాలూ మోసుకొచ్చాడు. అంచులు అప్పడంలా విరుగుతున్నాయి, నడుమ పిండి పచ్చిగా ఉంది, చీజ్ చల్లారి బిగుసుకుపోయింది. మార్చి ఇవ్వమంటే, ఆ రకం అలాగే ఉంటుందన్నారు. మంచినీళ్లు అడిగితే సీసాలే ఉన్నాయన్నారు. మన ఊళ్లలో ఎంత చిన్న టిఫిన్ హోటలుకు వెళ్లినా, ఇడ్లీ సంగతి తరువాత, ముందు గ్లాసుడు నీళ్లు బల్ల మీద పెడతారు. ఇక్కడ నేనే లేచి వెళ్లి ఫ్రిజ్ తలుపు తెరిచి సీసా తెచ్చుకున్నాను. దాని మీద అచ్చేసిన ధర 20 రూపాయలు, బిల్లులో వేసింది 60. హోటళ్లలో ఇచ్చే సీసాను అచ్చేసిన ధరకంటే ఎక్కువకు అమ్మవచ్చని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పిందని నాకు తెలుసు. అక్కడ నీళ్లతో పాటు సేవ కూడా అందుతుందన్నది అందుకు చెప్పిన కారణం. ఫ్రిజ్ తలుపు తీయడం సేవ అయితే, ఆ సేవ చేసింది నేను.

అసలు సంగతి బిల్లులో ఉంది. రెండు పిజ్జాలు, గార్లిక్ బ్రెడ్, రెండు కూల్ డ్రింకులు, ఆ నీళ్ల సీసా కలిపి 1,355 రూపాయలు. దాని కింద 10 శాతం సర్వీస్ ఛార్జీ 135 రూపాయల 50 పైసలు. ఆ రెండూ కలిపిన 1,490 రూపాయల 50 పైసల మీద 5 శాతం జీఎస్‌టీ. అంటే చేయని సేవకు రుసుము, ఆ రుసుము మీద పన్ను. చివరికి 1,565 రూపాయలు. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫర్వాలేదని పెద్దలు అన్నారు గానీ, వడ్డించేవాడే లేని పంక్తి గురించి వారికి తెలియదు. ఆ పూట మాకు జరిగిన వడ్డన అంతా బిల్లులోనే జరిగింది.

సర్వీస్ ఛార్జీని బిల్లులో దానంతట అదే కలపకూడదని, మరో పేరుతోనూ వసూలు చేయకూడదని, దాన్ని ఆహారం ధరతో కలిపి మొత్తం మీద జీఎస్‌టీ వేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. అవి చెల్లవంటూ రెండు రెస్టారెంట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టుకు వెళితే, 2025 మార్చి 28న న్యాయస్థానం ఆ పిటిషన్లను కొట్టివేసి, చెరో లక్ష రూపాయలు కట్టమంది. ఇంత జరిగాక కూడా మేనేజరు గారు నాకు చెప్పిన సమాధానం, "అది కంపెనీ పాలసీ సార్, మెనూలో కిందే రాశాం కదా" అని. నిజమే, రాశారు. 10 లేక అంతకు మించి శాఖలున్న రెస్టారెంట్లు కేలరీలు చూపాలన్న నిబంధన ఉంది గనుక ప్రతి పిజ్జా పక్కనా కేలరీలు స్పష్టంగా ఉన్నాయి. ఒంటికి ఎంత పడుతుందో కళ్లజోడు లేకుండా చదవవచ్చు, జేబుకు ఎంత పడుతుందో చదవడానికి మాత్రం భూతద్దం కావాలి.

తీసేయమన్నాను. పై వాళ్లను అడగాలన్నారు. నా వెనుక డబ్బు కట్టడానికి నలుగురు నిలబడ్డారు, వారిలో ఒకరు గట్టిగా నిట్టూర్చారు. "మామయ్యగారూ, నూట ముప్పై అయిదు రూపాయల కోసం ఎందుకండీ, పోనివ్వండి" అని మా కోడలు అంది. కట్టేశాను. ఈ ఛార్జీ వసూలయ్యేది చట్టం బలంతో కాదు, మన మొహమాటం బలంతో. పోనీ, ఆ డబ్బు అక్కడ బల్లలు తుడిచే కుర్రాళ్లకైనా చేరుతుందా అని వెళుతూ వెళుతూ ఒకణ్ని అడిగితే, వాడు నవ్వి, గుడ్డ మడతపెట్టుకుని లోపలికి వెళ్లిపోయాడు. వాడి చేతిలో నేరుగా యాభై రూపాయలు పెట్టడానికి నాకేమీ అభ్యంతరం లేదు, పెట్టాను కూడా.

ఇక అధికారుల సంగతి. బిల్లు పట్టుకుని ఒక కార్యాలయానికి వెళితే, ఇది తమ పరిధిలోకి రాదని మరో కార్యాలయానికి పంపారు. అక్కడ సావధానంగా విని, ఇలాంటి వాటికి హైదరాబాదు, విజయవాడల్లో ఎవరో ఉంటారని సెలవిచ్చారు. రాతపూర్వకంగా ఇస్తే తీసుకున్నారు గానీ, ముట్టినట్లు రసీదు అడిగితే ముద్ర వేసే ఉద్యోగి సెలవులో ఉన్నారు. అవే మార్గదర్శకాల ప్రకారం ఇటువంటి ఫిర్యాదును జిల్లా కలెక్టరుకు ఇవ్వవచ్చు, విచారణ జరిపి నివేదిక పంపవలసింది వారే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోను చేయవచ్చని కూడా అందులోనే ఉంది. రిటైరైన లెక్కల మాస్టారు ఇంట్లో కూర్చుని చదివి తెలుసుకున్న ఈ ముక్క, అదే పని మీద జీతం తీసుకుంటున్న వారికి తెలియకపోవడం ఏమిటో నాకు అర్థం కాలేదు. తోపుడు బండి మీద అరటిపళ్లు అమ్మేవాడి తూకం రాళ్లకు ముద్ర ఉందో లేదో చూడటానికి తీరిక దొరుకుతుంది. ఏసీ గదిలో అచ్చయి వచ్చే బిల్లు చూడటానికి మాత్రం పరిధి అడ్డం వస్తుంది.

కాబట్టి మీ విలేకరి గారు ఈసారి పిజ్జా కేంద్రాల గురించి రాసేటప్పుడు, సొంత డబ్బుతో తిని, బిల్లు చివరి నాలుగు వరుసలు చదివి రాయవలసిందిగా కోరుతున్నాను. రెస్టారెంటు పేరు కొట్టివేసి, నా బిల్లు అసలు ప్రతినే ఈ లేఖకు జతచేస్తున్నాను. వేడికి అచ్చయ్యే కాగితం కావడం వల్ల అంకెలు అప్పుడే సగం వెలిసిపోయాయి, సర్వీస్ ఛార్జీ వరుస మాత్రం ఇంకా కనిపిస్తోంది. కాస్త త్వరగా చూడగలరు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
గుంటూరు జిల్లా