చిత్రం పక్కన నాలుగు తెలుగు వాక్యాలు: సాంస్కృతిక శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర సాంస్కృతిక శాఖ మంత్రిగారికి,

నమస్కారాలు. నేను సర్కారు బడిలో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. హైదరాబాదులో చిత్రకళా ప్రదర్శన పెట్టారని తెలిస్తే, వీలున్నప్పుడు పిల్లలను కూడా వెంటబెట్టుకుని, వెళ్లి చూసి రావడం నాకు చిరకాలంగా అలవాటు. ఈ తిరుగుడులో నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటి తమ ముందుంచుతున్నాను. నేను చూసిన ప్రదర్శనల్లో చాలావాటిలో చిత్రాల పక్కన తెలుగులో ఒక్క ముక్క వివరణ కూడా ఉండదు. మన జనం సమకాలీన చిత్రకళకు దూరంగా ఉండిపోవడానికి అదే పెద్ద కారణమని నేను నమ్ముతున్నాను.

జనానికి ఆసక్తి లేదనే మాట నేను ఒప్పుకోను. సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే వేళయ్యేసరికి సంగీత గడియారం ముందు ఎంతమంది చేరతారో తమకు తెలుసు. మేలిముసుగు రెబెక్కా శిల్పం దగ్గరా, పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలోని ఈజిప్టు మమ్మీ దగ్గరా పల్లెల నుంచి వచ్చిన కుటుంబాలు ఎంతోసేపు నిలబడి చూస్తాయి, ఎందుకంటే వాటి కథ ఎవరో ఒకరు చెబుతారు. అదే సాలార్‌జంగ్‌లో ఆధునిక భారతీయ చిత్రాల గది కూడా ఉంది. అక్కడ ఆగి చూసేవారు నాకు తక్కువగా కనబడతారు.

ఒక గ్యాలరీకి ఏడో తరగతి పిల్లలను తీసుకువెళ్లినప్పటి సంగతి చెబుతాను. గోడ మీద ఒక ఎచింగ్ ఉంది. దాని కింద పెన్సిల్‌తో 5/25 అని రాసి ఉంది. ఒక అమ్మాయి చాలాసేపు దాన్నే చూసి, "ఇంత మంచిగ గీస్తే ఇరవై అయిదుకు అయిదు మార్కులేనా సార్?" అని అడిగింది. రాగి రేకు మీద మైనం లాంటి పూత పూసి, సూదితో గీసి, ఆమ్లంలో ముంచితే గీసినచోట ఆమ్లం రేకును తినేసి గాడులు చేస్తుందనీ, ఆ గాడుల్లో సిరా నింపి, తడి కాగితం వేసి ప్రెస్సులో తిప్పితే బొమ్మ దిగుతుందనీ, అలా తీసిన ఇరవై అయిదు ప్రతుల్లో ఇది అయిదవదనీ నేను చెప్పాను. ఆ తర్వాత పిల్లలందరూ గోడ దగ్గరికి వెళ్లి ఒక్కొక్క గీతను వెతుక్కుంటూ చూశారు. నేను చెప్పినదంతా నాలుగు వాక్యాల్లో పట్టేదే, కానీ ఆ గ్యాలరీలో చెప్పేవారూ లేరు, రాసి పెట్టిన కాగితమూ లేదు.

ఈ గడ్డ మీద పుట్టిన చిత్రకారుల పనికే ఈ గతి పట్టడం మరింత బాధాకరం. పాకాల తిరుమల రెడ్డిగారు, బోనాలను, బతుకమ్మను చిత్రాల్లోకి తెచ్చిన సిద్దిపేట కాపు రాజయ్యగారు, ఎచింగ్‌లో మేకలను, చెట్లను, పల్లె మనుషులను సన్నని గీతలతో నిలిపిన లక్ష్మాగౌడ్‌గారు, పెద్ద కుంకుమబొట్టు, ముదురురంగు చీరల ఆడవాళ్లను దేశమంతా గుర్తుపట్టేలా చేసిన తోట వైకుంఠంగారు, తామరకొలనుల సూర్యప్రకాశ్‌గారు: వీరందరి చిత్రాలను ఏడాది పొడవునా ఒకేచోట, వరుసగా చూపించే శాశ్వత ప్రదర్శన హైదరాబాదుకు కావాలి. జాతీయ ఆధునిక కళా ప్రదర్శనశాల ఢిల్లీలో 1954లో, ముంబైలో 1996లో, బెంగళూరులో 2009లో తెరుచుకుంది. అలాంటి శాఖ మనకు కూడా కావాలని కేంద్రాన్ని అడగవలసిందే, కానీ అది వచ్చేదాకా మన చేతిలో ఉన్న పనిని ఆపనక్కర్లేదు. మాదాపూర్‌లోని స్టేట్ ఆర్ట్ గ్యాలరీ తమ ప్రభుత్వానిదే. అందులో ఒక్క గదిని ఇందుకు కేటాయించి, ప్రతి చిత్రం పక్కన చిత్రకారుడి ఊరు, గీసిన ఏడాది, వాడిన రంగులు, పనితీరు తెలిసేలా పెద్ద అక్షరాల్లో తెలుగులో, పక్కనే ఉర్దూలో రాయించండి. పండితులకు తప్ప అర్థంకాని భాష మాత్రం దయచేసి వద్దు. అలాంటి వివరణ, అసలు వివరణే లేకపోవడం కన్నా ఎక్కువ భయపెడుతుంది.

వేళల సంగతి కూడా ఒకటుంది. పగటిపూటే తెరిచి సాయంత్రానికి మూసేస్తే కూలికి, కొలువుకు పోయేవాళ్లు ఎప్పుడు రావాలి? వారంలో రెండు రోజులైనా రాత్రి ఎనిమిది దాకా తెరిచి ఉంచమని కోరుతున్నాను.

ఖర్చు గురించి తమ అధికారులు అడగవచ్చు. వివరణలు రాయడానికి మాసాబ్‌ట్యాంక్ ఫైన్ ఆర్ట్స్ కళాశాల విద్యార్థులున్నారు, హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో కళల విభాగం ఉంది, పిల్లలకు అర్థమయ్యేలా దిద్దిపెట్టడానికి నాలాంటి విశ్రాంత ఉపాధ్యాయులు రూపాయి తీసుకోకుండా వస్తారు. తమ శాఖ నుంచి ఉత్తర్వు వస్తే వచ్చే జూన్‌లో బడులు తెరిచేనాటికి మొదటి గది సిద్ధం చేయవచ్చు.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత చిత్రకళోపాధ్యాయుడు,
సిద్దిపేట జిల్లా