నీ ప్లేట్‌లెట్ల గురించి

అమ్మలూ,

నువ్వు పంపిన రిపోర్టు చూశాను. ప్లేట్‌లెట్లు లక్షకు తగ్గాయని రాత్రంతా ఫోన్‌లో వెతుకుతూ కూర్చున్నావట, అక్క చెప్పింది. ఆ టెన్షన్ కాసేపు పక్కన పెట్టి, అదే కాగితంలో ఇంకో రెండు అంకెలు చూడు. ఎర్రకణాల సైజు చెప్పే ఎంసీవీ పెరిగింది, విటమిన్ బి12 బాగా పడిపోయింది. మీ డాక్టరుగారు పట్టుకున్నది వీటినే. నాకూ అదే సబబనిపించింది.

ఎముక మజ్జలో మెగాకారియోసైట్ అనే పెద్ద కణం ఉంటుంది. దాని నుంచి తెగిపడే ముక్కలే ప్లేట్‌లెట్లు. ఈ కణం ఎదిగే తీరే విచిత్రం. మిగతావి డీఎన్‌ఏను రెట్టింపు చేసుకుని రెండుగా విడిపోతాయి, ఇది విడిపోదు. రెట్టింపు మీద రెట్టింపు చేసుకుంటూ, మామూలు కణంలో 2 సెట్లు ఉండేచోట 16, ఒక్కోసారి 64 దాకా పోగేసుకుంటుంది. అంత ఒళ్ళు చేశాకే వేలకొద్దీ ప్లేట్‌లెట్లను వదులుతుంది. అవి బతికేది 7 నుంచి 10 రోజులే, కాబట్టి ఈ పని ఆగడానికి లేదు.

అంత డీఎన్‌ఏ తయారవ్వాలంటే ఫోలేట్ అనే విటమిన్ కావాలి. బి12 లేకపోతే ఆ ఫోలేట్ ఒంట్లో ఉన్నా అక్కరకు రాని రూపంలో ఇరుక్కుపోతుంది. కణం పెరుగుతుంది కానీ లోపలి కేంద్రకం వెనకబడుతుంది. అలా సరిగ్గా ఎదగని కణాలు చాలావరకు మజ్జలోనే చచ్చిపోతాయి. ఎర్రకణాలదీ ఇదే కథ, నీ ఎంసీవీ పెరిగింది అందుకే.

ఒక్క విషయంలో మాత్రం నా మాట విను. ఎవరో చెప్పారని ఫోలిక్ యాసిడ్ (ఫోలేట్‌నే మాత్రగా చేసింది) ఒక్కటే మింగకు. మన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం 1940లలో ల్యాబ్‌లో తయారుచేసిన గొప్ప మందే అది. కానీ బి12 లోపం ఉన్నప్పుడు అదొక్కటే వాడితే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది, లోపల నరాలు దెబ్బతింటూనే ఉంటాయి. అరికాళ్ళలో తిమ్మిర్లున్నాయా? ఉంటే దాచకుండా చెప్పు. ప్లేట్‌లెట్లు తక్కువున్నాయి కాబట్టి ఆస్పిరిన్ లాంటి నొప్పి మాత్రల జోలికీ ఇప్పుడు పోవద్దు.

ఇంజెక్షన్లు మొదలుపెట్టాక రెండు మూడు వారాల్లో ప్లేట్‌లెట్లు పెరగాలి. పెరగకపోతే కారణం వేరే ఉన్నట్టు, అది డాక్టరుగారు చూసుకుంటారు. బి12 ఎందుకు తగ్గిందో కూడా తేల్చుకోవాలి. పాలు, గుడ్లు, చేపలు, మాంసం తక్కువైనా తగ్గుతుంది, కడుపులో సరిగ్గా ఇంకకపోయినా తగ్గుతుంది. బి12 ఇంకకపోవడానికి నువ్వు వేసుకునే ఆ ఎసిడిటీ మాత్రలూ కారణం కావచ్చు, వాటి సంగతి ఆయనకు చెప్పావా?

నాన్న