ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అన్నారు సరే, మమ్మల్ని రానిచ్చేదెవరు?

గౌరవనీయులైన ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. మా కాలేజీ రాజనీతి శాస్త్రం డిపార్ట్‌మెంట్ తరఫున ఇదివరకు పెట్టుకున్న వినతిపత్రాలకు మీ కార్యాలయంలో స్టాంపు వేసి ఇచ్చారు. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) చెప్పిందని నాలుగో సెమిస్టర్ తర్వాత ఇంటర్న్‌షిప్ చేసి తీరాలన్నారు. క్రెడిట్‌కు, అంటే డిగ్రీలో లెక్కించే ఒక్కో పాయింటుకు, 30 గంటల చొప్పున 60 నుంచి 120 గంటలు. సంతోషించాం సార్. కంప్యూటర్స్ వాళ్లకు కంపెనీలున్నాయి, కామర్స్ వాళ్లకు ఆడిటర్ ఆఫీసులున్నాయి. రాజనీతి శాస్త్రం వాళ్లం ప్రభుత్వం దగ్గరికి కాక ఇంకెక్కడికి వెళ్తాం? ఆ ప్రభుత్వమే మమ్మల్ని గడప తొక్కనివ్వడం లేదు.

మండల పరిషత్ ఆఫీసుకు వెళ్తే "పైనుంచి ఆర్డర్ ఉందా?" అన్నారు. పైకి వెళ్తే "కిందివాళ్లు ఒప్పుకుంటే మాకేం?" అన్నారు. మున్సిపాలిటీలో ఒకాయన కాలేజీ లెటర్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇక్కడ నేర్చుకోవడానికేముందమ్మా, ఏదైనా కంపెనీ చూసుకోండి" అని హితబోధ చేశారు. గడువు ముంచుకొస్తుంటే టెన్షన్ తట్టుకోలేక మా క్లాసులో కొందరు ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి సర్టిఫికెట్ తెచ్చుకున్నారు. నేను ఒక ఇన్సూరెన్స్ ఏజెంటు దగ్గర కూర్చుని కస్టమర్ల ఫోన్ నంబర్లు ఎక్సెల్‌లో ఎక్కించాను. నా రిపోర్టు పేరు మాత్రం 'స్థానిక పాలనలో ప్రజల భాగస్వామ్యం'. వైవాలో బాగుందన్నారు!

రాజ్యాంగంలోని 243-ఏ అధికరణ, గ్రామసభ అంటే పది మార్కుల జవాబు కళ్లు మూసుకుని రాసేస్తాం. గ్రామసభ నోటీసు ఎలా ఉంటుందో, తీర్మానం ఏ రిజిస్టర్‌లో ఎవరు రాస్తారో, సంతకాలు సభలోనే పెట్టిస్తారో లేక మర్నాడు ఇంటింటికీ తిప్పుతారో మాకు తెలియదు. పోలింగ్‌కు ముందు ఏజెంట్ల ఎదుట కనీసం 50 ఓట్లతో మాక్ పోల్ (యంత్రాన్ని పరీక్షించే నమూనా పోలింగ్) జరపాలని నోట్స్‌లో ఉంది. ఆ లెక్క సరిచూసి, తుడిచేసి, యంత్రానికి సీలు వేయడం మాలో ఒక్కరూ చూడలేదు. ఎన్నికలు మీ శాఖ కాదని తెలుసు సార్. మాకు అది చూపించమని ఎన్నికల అధికారులకు ఒక లెటర్ రాయడానికి శాఖ అడ్డమా?

యువ పార్లమెంట్ పోటీలున్నాయి కదా అంటారేమో. ప్రతిపక్షం ఎప్పుడు లేవాలో, ఎప్పుడు వాకౌట్ చేయాలో ముందే రాసిచ్చి మాతో బట్టీ పట్టించారు. దాన్ని నాటకం అంటారు, ప్రాక్టికల్ అనరు.

ఇంకో వింత చూడండి. 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడితే ప్రభుత్వ రికార్డులు వెళ్లి చూసే హక్కు ఏ పౌరుడికైనా ఉంది. నేర్చుకుంటాం, పనిలో సాయం చేస్తాం అని కాలేజీ లెటర్‌తో వెళ్తే మాత్రం తలుపు తెరుచుకోదు. ఇక ఇంటర్న్‌షిప్ కోసం కూడా ఆర్టీఐ వేయమంటారా?

మేం జీతం అడగడం లేదు, ఉద్యోగం అడగడం లేదు. మండల, మున్సిపల్ ఆఫీసులు మమ్మల్ని చేర్చుకోవాలని పంచాయతీరాజ్, మున్సిపల్ శాఖలతో మాట్లాడి ఒక్క సర్క్యులర్ ఇప్పించండి. శాసనసభ సమావేశాలప్పుడు సందర్శకుల గ్యాలరీలో మా విద్యార్థులకు కాస్త చోటు ఇప్పించండి. ముందు ఆ సర్క్యులర్ ఇప్పించండి సార్, మిగతావి తర్వాత చూసుకుందాం. నా సంగతి ఎలాగూ అయిపోయింది. మా జూనియర్లు నాలుగో సెమిస్టర్ పరీక్షలు రాస్తున్నారు. సెలవుల్లో ఏ ఆఫీసుకు వెళ్లాలో వాళ్లకైనా పరీక్షలు అయ్యేలోగా చెప్పించండి.

ఇట్లు,
బీఏ రాజనీతి శాస్త్రం చివరి సంవత్సరం విద్యార్థిని