ఎదురింటాయన పిస్టల్ పోయిన సంగతి

వర్జీనియా
ఆదివారం

నాన్నగారికి నమస్కారాలు.

మా ఇంటికి పోలీసులు వచ్చారని తమ్ముడు చెప్పినప్పటి నుంచి మీకు నిద్ర పట్టడం లేదని అమ్మ చెప్పింది. ఫోన్లో "పరాయి దేశం, మనకెందుకురా ఆ గొడవ" అని పెట్టేశారు. అందుకే అంతా వివరంగా రాస్తున్నాను. మా మీద ఏ కేసూ లేదు. చూసింది చెప్పడానికి మేమే వాళ్లను పిలిచాం.

ఎదురింట్లో స్కూల్ బస్సు నడిపి రిటైరైన పెద్దాయన ఉంటాడని చెప్పాను కదా, మంచు పడితే మా వాకిలి కూడా ఊడ్చిపెడతాడని. ఆయన పికప్ ట్రక్కు డ్యాష్‌బోర్డు అరలో పిస్టల్ ఉంచి పడుకున్నాడు. బండికి తాళం వేయలేదు. తెల్లారేసరికి అర తెరిచి ఉంది, పిస్టల్ లేదు. మా తలుపు దగ్గరి కెమెరాలో చూస్తే, తల మీదికి టోపీలు లాక్కున్న ఇద్దరు వీధిలో బండ్ల తలుపులు వరసగా లాగి చూసుకుంటూ పోయారు. తాళం ఉన్నదాన్ని వదిలేశారు. ఆయన బండి దగ్గర మాత్రం ఆగారు.

అమెరికాలో ఇది కొత్తేమీ కాదు. 2017 నుంచి 2021 దాకా ఐదేళ్లలో దేశమంతా కలిపి 10 లక్షలకు పైగా తుపాకులు దొంగతనమైనట్టు నమోదైంది. అందులో దాదాపు అన్నీ మామూలు జనం దగ్గర పోయినవే. పోయాయని ఎవరూ చెప్పనివి ఈ లెక్కలోకి రావు.

పెద్దాయనకు నామోషీ. "నా నిర్లక్ష్యమే కదా, పోతే పోయింది" అన్నాడు. నేను పక్కన కూర్చుని మెల్లగా చెప్పాను. వర్జీనియాలో 2020 జులై నుంచి ఒక చట్టం ఉంది. తుపాకీ పోయిందని తెలిసిన 48 గంటల్లోపు పోలీసులకు చెప్పాలి, లేకపోతే 250 డాలర్ల దాకా జరిమానా. మంచి మనసుతో చెప్పినవాళ్లకు, ఆ తర్వాత ఆ తుపాకీతో ఎవరో చేసిన పని అంటకుండా అదే చట్టం రక్షణ కూడా ఇచ్చింది. అన్ని రాష్ట్రాల్లోనూ ఇలా లేదు, టెక్సాస్‌లో అయితే మామూలు మనిషి చెప్పి తీరాలన్న నిబంధనే లేదు. నాకది చాలా తప్పుగా అనిపిస్తుంది.

దొంగలు ఇంకా అక్కడే ఉంటే అత్యవసర నంబరు 911కి చేయాలి. వాళ్లు వెళ్లిపోయారు కాబట్టి పోలీసుల మామూలు నంబరుకి చేశాం. ఒక పోలీసావిడ వచ్చింది. తుపాకీ కంపెనీ, మోడల్, క్యాలిబర్ (గొట్టం సైజు) ఆయన నోటితోనే చెప్పాడు. సీరియల్ నంబరు మాత్రం గుర్తు లేదు. గ్యారేజీలో అరగంట వెతికితే కొన్నప్పటి నల్ల ప్లాస్టిక్ పెట్టె దొరికింది. పెట్టె చివర తెల్ల స్టిక్కరు మీద, బార్‌కోడ్ కింద, చీమ తలలంత అంకెలు. ఆవిడ టార్చి వేసి ఒక్కొక్క అక్షరం చదివి రేడియోలో చెప్పింది, అవతలివాళ్లు తిరిగి చదివి వినిపించారు. సున్నానా, 'ఓ' అక్షరమా అని ఇంకోసారి అడిగి నిర్ధారించుకుంది.

ఆ నంబరు కోసం అంత తాపత్రయం ఎందుకో నాకు అప్పుడే అర్థమైంది. ఇక్కడి కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ వాళ్ల దగ్గర 1967 నుంచి దేశం మొత్తానికి నేర సమాచార పట్టిక ఒకటి ఉంది. నంబరు అందులోకి ఎక్కితే, రేపు ఏ మూల పోలీసు ఏ కారు ఆపి ఆ పిస్టల్ పట్టుకున్నా దొంగసొత్తని తెలిసిపోతుంది. ఇలాంటి మామూలు తుపాకీ ఎవరి పేరున ఉందో చెప్పే జాబితా మాత్రం కేంద్రం దగ్గర లేదు, పెట్టకూడదని చట్టమే ఉంది. ఎక్కడైనా హత్య జరిగి తుపాకీ దొరికితే కంపెనీని అడిగి, కంపెనీ ద్వారా దుకాణాన్ని అడిగి, దుకాణంలో దాచిన కాగితంలో మొదట కొన్నవాడి పేరు పట్టుకుంటారు. అంటే పోయిందని చెప్పకపోతే ఆ దారంతా వచ్చి ఈ ముసలాయన గుమ్మం దగ్గర ఆగుతుంది.

నాన్నా, నాకు బాధ కలిగించింది ఇంకొకటి ఉంది. మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఈ సంగతి తెలిసి, మూడో వీధిలో ఉండే నల్లజాతి కుర్రాడి పనేనని ఒకరిద్దరు రాసేశారు. వీడియోలో ముఖాలు కనిపించనే లేదు! వీడియో గ్రూపులో పెట్టమని అడిగితే పెట్టలేదు, పోలీసులకే ఇచ్చాను. కళ్లారా చూసింది వేరు, అనుమానం వేరు. ఆ పిల్లాడి తల్లి రోజూ బస్టాప్‌లో మన పాపను పలకరిస్తుంది. రేపు ఆమె ముఖం ఎలా చూస్తామని గ్రూపులోనే అడిగాను. కొందరికి కోపం వచ్చింది, రానివ్వండి.

ఆ గొడవ అయిన వారానికే, మా బేస్‌మెంట్‌లో అద్దెకుండే ఎమ్మెస్ కుర్రాడు అర్ధరాత్రి తలుపు తట్టాడు. కాలేజీ దగ్గర పార్కింగ్‌లో ఎవడో చవగ్గా పిస్టల్ అమ్ముతానని ఫోన్లో ఫోటో చూపించాడట. అందులో నంబరు ఉండే చోట ఆకురాయితో అరగదీసిన గీతలు. పిల్లాడికి ఒళ్లంతా చెమటలు. చదువుకోవడానికి వీసా మీద వచ్చినవాళ్లు, వేట లైసెన్సులాంటి కొద్ది మినహాయింపులు తప్ప, ఇక్కడ తుపాకీ దగ్గర ఉంచుకోవడమే కేంద్ర చట్టం కింద నేరం. "నేను చెప్పితే నా వీసా ఏమవుతుంది అన్నా?" అన్నాడు. కొనలేదు, ముట్టుకోలేదు, నీ తప్పేముంది అన్నాను. పేరు అడగకుండా సమాచారం తీసుకునే క్రైమ్ స్టాపర్స్ ఉందని, 1976లో న్యూమెక్సికో రాష్ట్రంలోని ఆల్బకర్కీలో మొదలై ఇప్పుడు చాలా ఊళ్లలో ఉందని చెప్పాను. రాత్రంతా ఆలోచించి పొద్దున తన పేరుతోనే చెబుతానన్నాడు. నాకెంత గర్వమనిపించిందో! స్టేషన్‌కి నేనే తీసుకెళ్లాను. ఎక్కడ, ఎప్పుడు, వాడేమన్నాడు, ఫోటోలో ఏం కనిపించింది, అంతే చెప్పాడు. అది పెద్దాయన పిస్టలేనా అని అడిగితే తెలియదన్నాడు.

పిస్టల్ ఇంకా దొరకలేదు. రిపోర్టు నంబరు రాసిన కార్డు పెద్దాయన పర్సులో ఉంది.

నువ్వూ ఒకటి కొనుక్కోరా అని తమ్ముడు అన్నాడు. వద్దు. చిన్నపిల్ల ఉన్న ఇల్లు, మీ కోడలికీ ఇష్టం లేదు.

ఇక మీతో పని. తాతగారి డబుల్ బ్యారెల్ ఇప్పుడు మీ పేరున ఉంది కదా, ఎన్నికలప్పుడు స్టేషన్లో అప్పగించి తెచ్చుకుంటారు కదా. లైసెన్స్ పుస్తకంలో ఉన్న నంబరూ, తుపాకీ మీద చెక్కిన నంబరూ ఒకటేనో కాదో చూసి, రెండిటి ఫోటోలూ తమ్ముడి చేత నాకు పంపించండి. బీరువా తాళంచెవి దేవుడి పటం వెనక పెట్టడం మానేయండి, ఊరందరికీ తెలుసు అది. వేసవిలో అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు 911కి ఎలా చేయాలో నేర్పిస్తాను. భాష రాకపోయినా 'తెలుగు' అంటే చాలు, దుభాషిని లైన్లోకి తెచ్చే ఏర్పాటు ఉంది.

బీపీ మాత్రలు మానకండి.

మీ పెద్దోడు