పిల్లలు ముట్టుకునే మ్యూజియం మనకూ ఒకటి కావాలి

సంపాదకులకు నమస్కారం.

దసరా సెలవుల్లో పిల్లలిద్దర్నీ, మా అత్తమ్మని తీసుకుని మేం చెన్నై దగ్గర ముట్టుకాడులో ఉన్న దక్షిణచిత్ర అనే మ్యూజియంకి వెళ్లొచ్చాం. నెల్లూరులో పొద్దున్నే రైలెక్కి సెంట్రల్లో దిగి, అక్కడ్నుంచి కారు మాట్లాడుకుని వెళ్లాం. వెళ్లేముందు నాకు పెద్ద ఆశేం లేదు. ఎందుకంటే అంతకుముందు ఒక మ్యూజియంకి (ఎక్కడో చెప్పను) తీసుకెళ్తే, మా పాప అద్దం మీద చెయ్యి పెట్టిందని సెక్యూరిటీ అతను అరిచిన అరుపుకి అది ఏడుపు లంకించుకుంది, అరగంటలో బయటపడ్డాం. ఏం చూశావే అంటే ఈరోజుకీ దానికి గుర్తున్నది ఆ అరుపొక్కటే.

ఇక్కడ అట్టా కాదు. పదెకరాల జాగాలో తమిళనాడు, కేరళ, కర్ణాటక, మన తెలుగువాళ్ల పాత ఇళ్లు, ఉన్నచోట విప్పి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. 1996 నుంచీ ఉందట, ఇన్నేళ్లూ మేం దాని పక్కనుంచే మహాబలిపురం వెళ్లొచ్చాం! మన ఉత్తరాంధ్ర తీరం చుట్టిల్లు కూడా ఉంది. గుండ్రటి మట్టిగోడ, కిందికి వాలిన కప్పు, వంగితే గానీ లోపలికి పోలేం. గాలివాన వస్తే గాలి కొట్టడానికి మూల దొరకదు, చుట్టూ జారిపోతుంది. తుఫాను హెచ్చరికలు వింటూ పెరిగిన మా వాడికి అది చెప్పగానే అర్థమైంది, గోడ చుట్టూ రెండుసార్లు పరుగెత్తి మరీ చూసొచ్చాడు.

అసలు సంగతి కుమ్మరి సారె దగ్గర జరిగింది. కుమ్మరి ఆయన మట్టిముద్ద నడిమధ్యన పెట్టి, మా వాడి బొటనవేళ్లు పట్టుకుని ఆ ముద్దలోకి నొక్కించాడు. చెయ్యి వదలగానే మట్టి ఒక పక్కకి ఒరిగి, చప్పున కూలిపోయింది. రెండోసారీ అంతే. మూడోసారి మోచేతులు తొడలకి ఆనించుకోమన్నాడు, అప్పుడు వచ్చింది ఒక వంకర ప్రమిద. ఏడో తరగతి చదివే మావాడు ఫోన్ అడక్కుండా నలభై నిమిషాలు ఒకచోట కూర్చోవడం నేను చూడటం అదే మొదలు. ఆ ప్రమిదని పేపర్లో చుట్టి తెచ్చాం. రైల్లో సూళ్లూరుపేట దాటేసరికి అంచు చీలింది, అయినా టీవీ పక్కనే పెట్టుకున్నాడు.

ఇంకో ఇంటి వసారాలో తిరగలి కనబడితే మా అత్తమ్మ (వాళ్లది మార్కాపురం వైపు) ఇక ఆగలేదు, కొంగు దోపుకుని కింద కూర్చుంది. పాప రెండు చేతులా పిడి పట్టుకుని లాగుతుంటే ‘అట్టా కాదమ్మే, నువ్వు గుప్పెడు పోస్తే అది నమలొద్దా, చిటికెడు చిటికెడు పొయ్యి’ అని నేర్పింది. పక్కన తమిళం వాళ్ల పిల్లలు కూడా వరసలో నిలబడ్డారు, భాష రాకపోయినా ఆమె చెప్పేది వాళ్లకి తెలిసిపోయింది. మా వాడేమో ‘ఊరి పేరు ముట్టుకాడు, కానీ అన్నీ ముట్టుకోనిస్తున్నారే’ అని జోకు.

వచ్చే దారంతా నేను ఆలోచించింది ఒకటే. ఇందులో మన దగ్గర లేనిది ఏముందని? ఉదయగిరిలో కొండ చెక్కతో గరిటెలు, స్పూన్లు చేసే ఆడవాళ్లున్నారు, వెంకటగిరిలో గుంట మగ్గాలున్నాయి, మార్కాపురంలో పలకల రాయి ఉంది, చినగంజాంలో ఉప్పు మళ్లున్నాయి. జిల్లాల గీతలు ఎటు జరిపినా ఇవన్నీ మనవే. 1514లో ఉదయగిరి కోట పట్టుకుని కృష్ణదేవరాయలు అక్కడి బాలకృష్ణుణ్ణి హంపికి తీసుకుపోయి గుడి కట్టించాడు, ఆ విగ్రహం ఇప్పుడు ఉన్నది చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో. మన పిల్లలు మాత్రం 1514 అనే అంకె బట్టీపట్టి ఒక మార్కు తెచ్చుకుంటున్నారు.

1786లో నెల్లూరు దగ్గర ఒక రైతు పొలం దున్నుతుంటే నాగలి ఇటుకల కట్టడానికి తగిలింది. తవ్వితే చిన్న గుడి ఆనవాళ్లు, దాని కింద ఒక కుండ, కుండలో రోము చక్రవర్తుల బంగారు నాణేలు. చాలావరకు పాత బంగారం కింద అమ్ముడైపోయాయట. ఈ కథ నెల్లూరు పిల్లల్లో ఎంతమందికి తెలుసు? ఒక ఇసుక గుంట, అందులో పాతిన కుండ, నాలుగు నకిలీ నాణేలు, పిల్లలకి తలా ఒక చిన్న బ్రష్, దీనికి కోట్లు అక్కర్లేదు. పాత రేవు మోటుపల్లిలో 1244 నాటి కాకతీయ రాజు గణపతిదేవుడి అభయ శాసనం ఉంది, ఓడలు మునిగి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకు రాజు లాక్కోడు, సుంకం మాత్రమే తీసుకుంటాడని విదేశీ వర్తకులకిచ్చిన మాట. దాని నమూనా ఒకటి రాతి మీద చెక్కించి, తడి కాగితం అద్ది బ్రష్‌తో కొట్టి మీద సిరా అద్దనిస్తే, నల్లటి కాగితం మీద అక్షరాలు తెల్లగా తేలతాయి. శాసనాల నకళ్లు తీసే పద్ధతే అది. ఆ కాగితం పిల్లలు ఇంటికి పట్టుకెళ్తారు, గోడకి అంటిస్తారు, అడిగినవాళ్లకల్లా కథ చెప్తారు.

కొత్త బిల్డింగ్ కట్టమని నేను అడగట్లేదు, శంకుస్థాపన రాళ్లు మనకి చాలానే ఉన్నాయి. నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ వాడకుండా వదిలేసిన గవర్నమెంటు హాలు ఒకటి శుభ్రం చేయించి, ఒక సారె, ఒక మగ్గం, ఆ ఇసుక గుంట పెట్టి ఆదివారాలు తెరిస్తే చాలు. పనివాళ్లకి కూలి ఇవ్వాలి, సన్మానం శాలువా కాదు. ‘ముట్టరాదు’ బోర్డు ఒక్కటి పెట్టొద్దు. మా అటక మీద తిరగలి ఉంది, అది ఇచ్చేస్తాం. అత్తమ్మని అడిగాను కూడా, ఇవ్వడానికి ఒప్పుకుంది, కాకపోతే తిప్పేటప్పుడు తను పక్కన ఉండాలంట.

– ఒక తల్లి, కోవూరు, నెల్లూరు జిల్లా