బండి కాగితాల్లో ఇంకో పేజీ చేర్పించండి

రవాణా శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నా కారు బానెట్ ఎత్తిన ప్రతి మెకానిక్ మొదట అడిగేది ఒకటే: "ఇది ఏ బండి ఇంజనండీ?" నిజానికి నాకూ సగమే తెలుసు. దాన్ని సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. ఇంజన్ ఒక మోడల్‌ది, గేర్‌బాక్స్ ఇంకోదానిది, రేడియేటర్ ఎక్కడిదో. ఇవన్నీ కూర్చినవాడు పనిమంతుడే. కానీ ఏం చేశాడో ఎక్కడా ఒక్క ముక్క రాసిపెట్టలేదు.

ఒకసారి ఆయిల్ ఫిల్టర్ మార్పించాను. పది నిమిషాల పని. కొత్త ఫిల్టర్ చక్కగా తిరిగింది, బిగిసిందనే అనుకున్నాం. ఇంజన్ స్టార్ట్ చేయగానే కింద ఆయిల్ మడుగు! కొలిచి చూస్తే ఇంజన్ వైపు థ్రెడ్ (ఫిల్టర్ బిగించే మర) ముప్పావు అంగుళం, అంటే 19.05 మిల్లీమీటర్లు. ఫిల్టర్‌ది 20. చేతికి ఆ తేడా తెలియదు. గ్యారేజ్‌లోనే బయటపడింది కాబట్టి సరిపోయింది, బండి స్పీడులో ఉండగా ఫిల్టర్ ఊడితే ఆయిలంతా కారిపోయి ఇంజన్ పట్టేసేది.

బ్రేక్ ఆయిల్ సంగతి ఇంకా టెన్షన్. డబ్బా మీద డాట్ అని గ్రేడు నంబరు ఉంటుంది. డాట్ 3, 4, 5.1 గ్లైకాల్ రకాలు. డాట్ 5 మాత్రం సిలికాన్, అది వీటితో కలవదు. పేర్లు చూస్తే 5, 5.1 అన్నదమ్ముల్లా ఉంటాయి. పాత ఓనరు ఏది పోశాడో తెలియక మొత్తం తీయించి, సీళ్ళు కూడా మార్పించాల్సి వచ్చింది.

టైర్లదీ అదే కథ. బండిని కిందికి దించడంతో చక్రాలు లోపలికి వాలాయి. బయటి అంచు కొత్తదానిలా ఉంది, లోపలి అంచు అరిగి తీగలు తేలాయి. చక్రాల వాలు సరిచేసే అలైన్‌మెంట్ మెషీన్‌లో ఉన్న కొలతలు కంపెనీ బండివి, నా బండివి కావు.

మార్పులకు రూల్స్ సడలించమని అడగడం లేదు. ఏది ఒప్పుకోవాలో, ఏది వద్దనాలో మీరే తేల్చండి. జర్మనీలో నిపుణుడు తనిఖీ చేశాక మార్పును బండి కాగితాల్లో ఎక్కిస్తారు. అదే పద్ధతిలో మెయింటెనెన్స్‌కూ ఒక పేజీ పెట్టించండి. ఇంజన్ ఏ మోడల్‌ది, ఏ సంవత్సరానిది, ఫిల్టర్ నంబరు, బ్రేక్ ఆయిల్ రకం, టైరు సైజు, టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారు, ఇలాంటివి పని చేసిన వర్క్‌షాప్ రాసి సంతకం పెట్టాలి. బండి అమ్మితే ఆ పేజీ కూడా కొన్నవారికి చేరాలి.

మా పనితనం బయటపడుతుందని కొందరు వర్క్‌షాప్ వాళ్ళు గొడవ చేస్తారు. పనితనం దాచుకోండి, కాదనను. పార్ట్ నంబరు దాచడం ఎందుకు? రాస్తే ఫైన్ పడుతుందని భయపడి తప్పు వివరాలు రాసేవాళ్ళూ ఉంటారు. కాబట్టి మొదటి ఏడాది, ప్రాణాలకు ముప్పు లేని పాత మార్పులను ఉన్నదున్నట్టు చెప్పినవారికి జరిమానా వేయకండి.

అప్పటిదాకా నా బండి వివరాలు నేనే ఒక నోటుబుక్‌లో రాసుకుంటున్నాను. పదకొండు పేజీలయ్యాయి. వైరింగ్ పేజీ మాత్రం ఇంకా ఖాళీగానే ఉంది, డాష్‌బోర్డు వెనక వైర్లన్నీ నల్లవే మరి. నమూనాగా పనికొస్తుందంటే ఆ నోటుబుక్ కాపీ మీ ఆఫీసుకు పంపిస్తాను.

ఇట్లు,
ఒక కారు యజమాని